హంగేరియన్ చర్చిలో ఏడాది గడపాలంటే: వంటగది దారిన వెళ్ళండి

న్యూజెర్సీలో ఎడిసన్, పిస్కాటవే వైపు ఉండే మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. మనం కరివేపాకు కోసం, దోసెల పిండి కోసం కారేసుకుని తిరిగే ఈ చోటే ఒకప్పుడు క్యాంప్ కిల్మర్ అని సైనిక శిబిరం ఉండేది. 1956లో హంగేరీ జనం కమ్యూనిస్టు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. దాన్ని అణచడానికి నవంబరులో రాజధాని బుడాపెస్ట్ మీదికి సోవియట్ ట్యాంకులు మళ్ళీ దిగాక, ప్రాణాలు అరచేత పెట్టుకుని దేశం దాటినవాళ్ళు రెండు లక్షల మంది దాకా ఉన్నారు. వాళ్ళలో అమెరికా చేరిన 30 వేల మందికి పైగా జనానికి మొదటి మకాం ఆ శిబిరమే. దాని పక్కనే న్యూ బ్రన్స్‌విక్. అక్కడ అంతకు రెండు తరాల ముందు నుంచే హంగేరియన్లు ఉన్నారు, జాన్సన్ అండ్ జాన్సన్ ఫ్యాక్టరీలోనూ చుట్టల ఫ్యాక్టరీలోనూ పని చేసుకుంటూ, ఆదివారం కోసం చర్చీలు కట్టుకుంటూ.

నేను గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబంలో పుట్టినదాన్ని. న్యూజెర్సీ వచ్చిన మొదటి చలికాలం మాకు కారు లేదు. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న చర్చి ఒక్కటే, అది హంగేరియన్ రిఫార్మ్డ్ చర్చి, అంటే కాల్విన్ బోధ పాటించే ప్రొటెస్టెంట్ చర్చి. తొమ్మిదిన్నరకి ఇంగ్లీషు ఆరాధన, పదకొండింటికి హంగేరియన్ ఆరాధన అని బయట బోర్డు మీద ఉంటే తొమ్మిదిన్నరకి వెళ్ళాం. ఆరేళ్ళయింది. కారు కొన్నాం, ఇల్లు మారాం, ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాం. ఏ చర్చో మాత్రం చెప్పను, ఎందుకంటే కింద వంటగది తగాదాలు కూడా రాశాను.

ఆఫీసులోనూ అపార్ట్‌మెంట్లలోనూ "మేమూ ఓసారి రావచ్చా? ఎలా మసలుకోవాలి?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకని ఒకేసారి రాసేస్తున్నాను. అసలు కిటుకు మొదటే చెప్పేస్తాను: పైన ఆరాధన జరిగే హాలు, కింద బేస్‌మెంట్‌లో వంటగది. పైకి ఏడాది పొడుగునా వెళ్ళినా మిమ్మల్ని అతిథిలాగే చూస్తారు, కిందికి ఒక్క మంగళవారం వెళ్ళి చూడండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

జనవరిలో వద్దు. చలికి సగం మంది రారు, వచ్చినవాళ్ళు కోటు విప్పరు. ఈస్టరుకో క్రిస్మస్‌కో వెళ్తే ఇసకేస్తే రాలనంత జనం, మిమ్మల్ని పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. సెప్టెంబరులో వెళ్ళండి. సండే స్కూలు, హంగేరియన్ నేర్పే వారాంతపు బడి, స్కౌట్లు, అన్నీ మళ్ళీ తెరుచుకునే నెల. పైగా ద్రాక్షకోతల డాన్సు దగ్గర పడుతుంటుంది, పనికి మనుషులు చాలరు. అలాంటప్పుడు వెళ్తే మీది ఏ ఊరు, ఏం చేస్తుంటారు అని అడిగేలోపే మీ చేతికి ఒక చాకు, ముందుకి ఉల్లిపాయల గంప వచ్చేస్తాయి.

మొదటి ఆదివారం

గోపురం మీద సిలువ కోసం వెతక్కండి. రిఫార్మ్డ్ చర్చి మీద నక్షత్రమో కోడిపుంజో ఉండటం వీళ్ళ ఆనవాయితీ. లోపల తెల్లటి గోడలు, విగ్రహాలు పటాలు ఏమీ ఉండవు, బల్ల మీదా ప్రసంగం చేసే చోటా మాత్రం చేత్తో కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డలు పరిచి ఉంటాయి. పలకరింపు "ఆల్దాష్, బేకెష్షేగ్", అంటే ఆశీర్వాదం, శాంతి అని. ఎవరైనా అంటే మీరూ అదే తిరిగి అనండి, చాలు. క్యాథలిక్ హంగేరియన్ల పలకరింపు వేరు, అక్కడికెళ్ళి ఇది అంటే మీరు ఎక్కడి నుంచి వచ్చారో తెలిసిపోతుంది. నేను మొదటి వారం టెన్షన్‌లో రెండు చేతులూ జోడించి "వందనాలండీ" అనేశాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ ఏమాత్రం తడబడకుండా తనూ చేతులు జోడించింది. ఇప్పటికీ నన్ను అలాగే పలకరిస్తుంది.

పాటకి కూర్చుంటారు, ప్రార్థనకి లేస్తారు. తికమకగా ఉంటే పక్కవాళ్ళని చూసి చేసేయండి. ఖాళీగా ఉంది కదా అని ఏ బెంచీలో పడితే ఆ బెంచీలో కూర్చోకండి, అడగండి. మా చర్చిలో మూడో వరస కుడి చివర ఎప్పుడూ ఖాళీ. ఎప్పుడో పోయిన ఒకాయన చోటట, నేను తెలియక కూర్చుంటే ఎవరూ ఏమీ అనలేదు కానీ ఆ వరసంతా కొంచెం పక్కకి జరిగింది.

పిలుపులు మనకి చాలా తేలిక. పెద్దాయన్ని పేరు పెట్టి చివర బాచి అంటారు, పెద్దావిడని నేని అంటారు. ఇష్త్వాన్ అనే ఆయన పిష్త బాచి, మారియా అనే ఆవిడ మారి నేని. మనం బాబాయి, పిన్ని అన్నట్టే, చుట్టరికం అక్కర్లేదు. నువ్వు, మీరు తేడా వాళ్ళకీ ఉంది, పెద్దవాళ్ళని నువ్వు అనడం తప్పు. పిల్లలు పెద్దవాళ్ళకి చెప్పే నమస్కారం "చోకొలొమ్", చేతికి ముద్దు పెడుతున్నాను అని అర్థం. మా వాడికి అది నేర్పాను, ఆ ఒక్క మాటతో వాడికి వచ్చిన చాక్లెట్లు లెక్కలేనన్ని. పాస్టరుగారు "తిస్తెలెతెష్", అంటే గౌరవనీయులు.

భాష గురించి భయపడకండి. రాతలో ఎస్ ఒక్కటే ఉంటే ష, ఎస్ పక్కన జెడ్ ఉంటే స, ఇది గుర్తుంటే పాటల పుస్తకం పట్టుకుని సగం నెట్టుకు రావచ్చు. మనం "చర్చిలో" అని ప్రత్యయం చివర తగిలించినట్టే వాళ్ళూ "తెంప్లొమ్" అంటే చర్చి, "తెంప్లొమ్‌బన్" అంటే చర్చిలో అంటారు. ఇంకో తమాషా, వాళ్ళ భాషలో అతను, ఆమె అని వేరువేరు మాటల్లేవు, రెండిటికీ ఒకటే మాట. అందుకని పెద్దవాళ్ళ ఇంగ్లీషులో మగవాళ్ళు ఆడవాళ్ళయిపోతుంటారు. మా ఆయన్ని చూపించి "షీ ఈజ్ హంగ్రీ, గివ్ హర్ సూప్" అంటే నవ్వకండి, సూప్ తెచ్చివ్వండి.

ఎవరు ఏ అలలో వచ్చారో తెలుసుకోండి

ఇది తెలియకపోతే ఎవరితో ఏం మాట్లాడాలో తెలియదు. చూడటానికి అందరూ ఒకేలా ఉంటారు గానీ బెంచీల్లో నాలుగు రకాల జనం ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు గనుల్లోకీ ఫ్యాక్టరీల్లోకీ వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు ఒకరకం. వీళ్ళకి భాష పోయింది, ఇంటిపేరు, అమ్మమ్మ వంటలు మిగిలాయి, తొమ్మిదిన్నర ఆరాధన వీళ్ళదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శరణార్థులుగా వచ్చినవాళ్ళ కుటుంబాలు ఇంకొకరకం, స్కౌట్లు, హంగేరియన్ బడి వీళ్ళ ప్రాణం. మూడు, 56లో వచ్చినవాళ్ళు, అప్పటి కుర్రాళ్ళకి ఇప్పుడు ఎనభైలు దాటాయి. నాలుగు, 1989లో కమ్యూనిస్టు పాలన పోయాక హంగేరీ నుంచీ, రొమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియా నుంచీ ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు. వీళ్ళు "మా ఊళ్ళో ఇప్పుడు ఇలా ఎవరూ మాట్లాడరండీ" అని పాతవాళ్ళ భాషని చూసి ముచ్చటపడతారు, పాతవాళ్ళు కొత్తవాళ్ళ జీన్స్ ప్యాంట్లు చూసి పెదవి విరుస్తారు.

చీలికలూ ఉన్నాయి, మన తెలుగు సంఘాలకేమీ తీసిపోవు. అమెరికాలో మొదటి హంగేరియన్ రిఫార్మ్డ్ సంఘాలు 1891లో క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్ వైపు మొదలయ్యాయి. మొదటి యుద్ధం తర్వాత వీటిని నడిపే స్థోమత స్వదేశపు సంఘానికి లేకపోయింది, 1921లో ఒహాయోలోని టిఫిన్ అనే ఊళ్ళో ఒప్పందం చేసుకుని ఒక అమెరికన్ సంఘానికి అప్పగించేశారు. "మమ్మల్ని అడక్కుండా ఇచ్చేయడానికి మీరెవరు" అన్నవాళ్ళు 1924లో స్వతంత్రంగా విడిపోయారు. అందుకే కొన్ని ఊళ్ళలో రెండేసి హంగేరియన్ ప్రొటెస్టెంట్ చర్చీలు కనిపిస్తాయి. ఎందుకు అని ఆదివారం కాఫీ దగ్గర అడగకండి, కాఫీ చల్లారిపోతుంది.

మంగళవారం వంటగది

మా చర్చిలో నెలలో రెండు మంగళవారాలు మహిళా సమాజం కింద కూర్చుని "చిగ" చేస్తుంది. చిగ అంటే నత్త. కోడి సూప్‌లో వేసుకునే సేమ్యాలాంటిది, చుట్టిన నత్తగుల్ల ఆకారంలో, చిటికెన వేలి గోరంత ఉంటుంది. పిండి, గుడ్లు, అంతే, నీళ్ళు పొయ్యరు. గట్టిగా పిసికి, కాగితంలా వత్తి, రెండు సెంటీమీటర్ల చదరాలుగా కోస్తారు. ఆ తర్వాతే అసలు పని. ప్రతి ఒక్కరి ముందూ సన్నటి గాళ్ళు ఉన్న చిన్న చెక్క పలక, పెన్సిల్ కంటే సన్నటి పుల్ల ఉంటాయి. చదరాన్ని పలక మీద మూలగా పెట్టి, మూలని పుల్లకి అంటించి, బొటనవేలితో ఒక్క తోపు తోస్తే అది చుట్టుకుంటూ పోయి గాళ్ళ గీతలు పడి నత్తగుల్ల అవుతుంది. పుల్ల లాగేయాలి. అలా వందలు, వేలు.

నా మొదటి వంద నత్తలూ నలిగిపోయిన ఉత్తరాల్లా వచ్చాయి. పక్కన కూర్చున్న నేని ఏమీ అనలేదు, నేను చేసినవి ఒక్కొక్కటీ తీసి వేరే పళ్ళెంలో పెట్టింది. ఆ పళ్ళెం అమ్మడానికి కాదు, వాళ్ళింటికట. నెల తర్వాత ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూసి, అమ్మకానికి పెట్టే గుడ్డ మీద పడేసింది. నాకు అమెరికాలో వచ్చిన ప్రమోషన్లలో అంత సంతోషం ఇచ్చింది ఇంకొకటి లేదు.

మా అమ్మమ్మ ఎండాకాలం మేడమీద వడియాలు పెట్టేటప్పుడు నలుగురు ఆడవాళ్ళు చేరితే ఏం జరిగేదో ఇక్కడా అదే. ఎవరి కోడలు ఇంటికి రావడం మానేసింది, ఎవరి మోకాలి ఆపరేషన్ ఎప్పుడు, పాస్టరుగారి అబ్బాయి జుట్టు ఎందుకలా పెంచాడు, అన్నీ తెలిసేది ఇక్కడే. భాష రాకపోయినా ఫర్వాలేదు, చేతులు ఆడుతుంటే చాలు, మీకోసం మధ్యమధ్యలో ఇంగ్లీషులో ఒక ముక్క చెప్తారు. నాకు వచ్చిన హంగేరియన్ అంతా ఆ బల్ల దగ్గర వచ్చిందే, అందుకే నాకు వేదాంతం మాటలు రావు, పిండి మాటలు వచ్చు. ఒక్క జాగ్రత్త: "మెషీన్ కొనుక్కోవచ్చు కదా" అని మాత్రం అనకండి. మా ఆయన అన్నాడు.

ద్రాక్షదొంగల డాన్సు

సెప్టెంబరు చివరో అక్టోబరు మొదట్లోనో "స్యూరెతి బాల్", ద్రాక్షకోతల డాన్సు. హాలు కప్పు కింద చెక్క పందిరో వలో కట్టి ద్రాక్ష గుత్తులు వేలాడదీస్తారు. కింద జనం డాన్సు చేస్తూ చేస్తూ గుత్తి తెంపుకోవాలి, దొరక్కుండా. కాపలాకి పిల్లలూ కుర్రాళ్ళూ ఎంబ్రాయిడరీ బట్టలేసుకుని తిరుగుతుంటారు, దొరికితే చెయ్యి పట్టుకుని న్యాయాధికారి వేషం వేసినాయన దగ్గరికి ఈడ్చుకెళ్తారు. ఆయన తీర్పు చెప్తాడు, మీరు జరిమానా కడతారు, ఆ డబ్బు చర్చికి. మొదటి ఏడాది మా ఆయన ఏడుసార్లు దొరికాడు. పొడుగు మనిషి, చెయ్యెత్తితే పది మందికి కనబడుతుంది. ఎనిమిదోసారికి న్యాయాధికారే "ఇతను ఈ ఏడాది పైకప్పు రిపేరు చేయించేలా ఉన్నాడు" అన్నాడు. వెళ్ళేటప్పుడు చిల్లర డాలర్ నోట్లు తీసుకెళ్ళండి. డాన్సు రాకపోతే వంటగది వైపు ఉండిపోవచ్చు, అక్కడ గిన్నెలు తోమేవాళ్ళు ఎప్పుడూ తక్కువే.

అక్టోబరు

ఈ నెలలో నల్ల బట్టలో ముదురు రంగువో ఒక జత సిద్ధంగా ఉంచుకోండి. 6వ తేదీ, 1849లో అరాద్ అనే ఊళ్ళో ఆస్ట్రియా ప్రభుత్వం చంపించిన పదమూడు మంది హంగేరీ సేనానుల రోజు. 23వ తేదీ 1956 తిరుగుబాటు మొదలైన రోజు, ఇది పెద్దది. దగ్గర్లో వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో సభ పెడతారు, వేదిక మీద ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ జెండా, నడిమధ్య గుండ్రటి చిల్లు. కమ్యూనిస్టు చిహ్నాన్ని కత్తిరించి పారేయగా మిగిలిన చిల్లు అది. జెండా చిరిగిందేమిటి, కుట్టిస్తారా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

సభలో ఉపన్యాసాలు పొడుగ్గా ఉంటాయి, నిజం చెప్పాలంటే నిద్ర వస్తుంది. ఓపిక పట్టి అయ్యాక టీ దగ్గర ఎనభై దాటిన బాచిల పక్కన కూర్చోండి. మీరుగా 56 మాట ఎత్తకండి, మీ ఇల్లెక్కడ అని అడగనివ్వండి. నేను ఎడిసన్ అన్నాను. ఆయన కాసేపు కప్పులోకి చూసి, "నేనూ మొదట అక్కడే దిగాను, క్యాంపులో. ఎవరో వేసుకుని వదిలేసిన కోటు ఇచ్చారు, జేబులో ఒక చేతి తొడుగు ఉంది, ఒక్కటే" అన్నాడు. రెండోది ఎప్పుడు దొరికింది అని మా వాడు అడిగాడు. ఆయన నవ్వి, "దొరకలేదు, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగాను" అన్నాడు.

నెలాఖరుకి రిఫర్మేషన్ పండుగ, లూథర్ చర్చి సంస్కరణ మొదలుపెట్టినందుకు గుర్తుగా. లూథరన్ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆ రోజు పాడే పాట రాగం మొదటి గీతకే తెలిసిపోతుంది, మనం గుంటూరులో పాడుకునేదే, 46వ కీర్తన మీద లూథర్ కట్టింది. మీరు తెలుగులో పాడేయండి, పక్కవాళ్ళకి అభ్యంతరం ఉండదు. చల్లటి గాలుల్లో నవంబరు 1కి సమాధుల దగ్గర దీపాలు పెట్టి వస్తారు, అది క్యాథలిక్కులదే అనుకుంటాం గానీ వీళ్ళూ వెళ్తారు.

గసగసాల కాలం

నవంబరు నుంచి వంటగదిలో చిగ ఆగిపోయి "బెయ్‌గ్లి" మొదలవుతుంది. పల్చటి పిండి రొట్టె మీద అక్రోట్ల ముద్దో గసగసాల ముద్దో పరిచి చుట్టి కాల్చే తీపి చుట్ట, అది లేకుండా వీళ్ళకి క్రిస్మస్ లేదు. మన గసగసాలు తెల్లగా ఉంటాయి, కోడికూరలోకి నూరుతాం, వీళ్ళవి నీలిరంగు తిరిగిన నలుపు, పంచదారతో నూరుతారు. నేను ఇంట్లో ఉన్న తెల్లవి పట్టుకెళ్తే నేనిలందరూ సీసా చేతులు మార్చుకుంటూ చూశారు, వేసింది మాత్రం నల్లవే. చుట్టకి ముందు పచ్చసొన పూసి ఆరనిచ్చి, తర్వాత తెల్లసొన పూసి మళ్ళీ ఆరనిస్తే కాలాక పైన పాలరాతి మీద చారల్లా వస్తాయి. ఫోర్కుతో పక్కల గుచ్చాలి, లేకపోతే పొయ్యిలో పగిలిపోతుంది. పగిలినవి అమ్మరు, పనిచేసినవాళ్ళు కాఫీతో తింటారు, అందుకని నేను అప్పుడప్పుడూ గుచ్చడం మర్చిపోతుంటాను.

గసగసాల ముద్దలో ఎండుద్రాక్ష వెయ్యాలా వద్దా అన్న దాని మీద మా వంటగదిలో రెండు వర్గాలున్నాయి. ఒక ఏడాది ఒకావిడ ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది, ఫిబ్రవరి దాకా రాలేదు. మిమ్మల్ని అడిగితే "మీరెలా అంటే అలా" అనండి, ఇద్దరితోనూ. కొనుక్కోవాలంటే నవంబరులోనే ఆర్డరు రాయించండి. డిసెంబరు రెండో వారం వచ్చి అడిగేవాళ్ళని చూసి ఎంత జాలిపడతారో అంత గర్వపడతారు కూడా.

డిసెంబరు 6 మికులాష్, పిల్లలు ముందు రాత్రి బూట్లు తుడిచి కిటికీలో పెడితే పొద్దునకి మిఠాయిలుంటాయి. క్రిస్మస్ చెట్టుని వీళ్ళలో తెచ్చేది శాంటా కాదు, బాల యేసు, అదీ 24 సాయంత్రం. పిల్లలున్నవాళ్ళు నోరు జాగ్రత్త, మా వాడు సండే స్కూల్లో శాంటా గురించి చెప్పి చిన్న గొడవ తెచ్చాడు. డిసెంబరు 31 సాయంత్రం ఆరాధనకి తప్పకుండా వెళ్ళండి. ఆ ఏడాది బాప్తిస్మాలు ఎన్ని, పెళ్ళిళ్ళు ఎన్ని, పోయినవాళ్ళు ఎందరు అని పాస్టరుగారు పేర్లతో చదువుతారు. మూడో జాబితా ఎప్పుడూ పొడుగు.

లెక్కలు, సాసేజీలు

జనవరిలో వార్షిక సమావేశం. ఎవరూ చెప్పరు గానీ ఈ సంఘం ఎలా బతుకుతోందో తెలియాలంటే ఇది చూడాలి. కానుక వేరు, ఏటా కట్టే నిర్వహణ చందా వేరు. ఆ చందా కట్టినవాళ్ళే సభ్యులు, ఓటు వాళ్ళదే. హీటింగ్ బిల్లు ఎంత, చిగ మీద ఎంత వచ్చింది, బెయ్‌గ్లి మీద ఎంత, పైకప్పు ఇంకెన్నాళ్ళు ఆగుతుంది, అన్నీ చదువుతారు. వంటగది లేకపోతే ఈ భవనానికి ఎప్పుడో తాళం పడేదని నాకు అర్థమైంది ఆ రోజే. రెండు ఆరాధనలు కలిపేద్దామా అనే చర్చ ప్రతి ఏడూ వస్తుంది, ప్రతి ఏడూ వాయిదా పడుతుంది. మొదటి ఏడాది మాట్లాడకండి, వినండి.

ఫిబ్రవరిలో లెంటుకి, అంటే ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస దినాలకి, ముందు సాసేజీ శనివారం. పొద్దున ఆరింటికే మగవాళ్ళు దిగుతారు, మిరపపొడి, వెల్లుల్లి, పంది మాంసం కలిపి కొల్బాస్ చుడతారు, అన్నం, కాలేయం కలిపి హుర్క. ఆ పొద్దుటే చిన్న గ్లాసులో పాలింక ఇస్తారు, పండ్లతో కాచిన సారా, నిప్పు. వద్దంటే ఏమీ అనుకోరు, ఒకసారి గట్టిగా వద్దనండి, సగం సగం వద్దంటే మళ్ళీ పోస్తారు. శాకాహారులకి ఒక హెచ్చరిక: బీన్సు కూర, క్యాబేజీ, చివరికి కొన్ని బిస్కెట్లలో కూడా పందికొవ్వు ఉంటుంది, "మాంసం లేదు" అని వాళ్ళు చెప్పేది నిజమే, కొవ్వు సంగతి విడిగా అడగాలి. గుడ్డు తినేవాళ్ళయితే పలచింత ధైర్యంగా తినొచ్చు. పేరులోనే పలచన ఉంది, పల్చటి అట్టులో జామ్ వేసి చుడతారు, మన దోసెకి మేనత్త కూతురు.

మార్చి నుంచి జూన్

మార్చి 15, ఆస్ట్రియా పాలన మీద 1848 విప్లవం మొదలైన రోజు. అందరూ గుండె వైపు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రిబ్బను పువ్వు పెట్టుకుంటారు, గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి, మీరూ ఒకటి పెట్టుకోండి. పిల్లలు పద్యాలు చెప్పాలి. మా వాడికీ నాలుగు పంక్తులు ఇచ్చారు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే ఒక్కటీ సరిగ్గా పలకలేదు, తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను, దీర్ఘాలు, ఒత్తులతో సహా గడగడా చెప్పేశాడు. ముందు వరసలో నేనిలు కళ్ళు తుడుచుకున్నారు. భాష రాని సొంత మనవలు పక్కనే కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు, నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది కూడా.

శుభ శుక్రవారం నిశ్శబ్దంగా గడిచిపోతుంది. ఈస్టరు మర్నాడు సోమవారం హంగేరీలో మగపిల్లలు ఆడవాళ్ళ మీద నీళ్ళో అత్తరో చల్లి పద్యం చెప్తారు, బదులుగా రంగు గుడ్డు ఇస్తారు. ఇక్కడ సోమవారం సెలవు లేదు కాబట్టి మా చర్చిలో ఆదివారమే కాఫీ దగ్గర కానిచ్చేస్తారు. ఖరీదైన చీర కట్టుకెళ్ళకండి, ఆరుగురు పిల్లలు ఆరు రకాల సెంటు చల్లితే డ్రైక్లీనింగ్‌కి ఇచ్చినా పోదు. అమ్మల రోజు వాళ్ళకి మే మొదటి ఆదివారం, అమెరికాలో రెండో ఆదివారం, మా వాళ్ళు రెండూ చేస్తారు, ఫిర్యాదు లేదు. ఈస్టరు తర్వాత ఏడు వారాలకి వచ్చే పెంతెకొస్తు పండుగ దగ్గర కన్ఫర్మేషన్, అంటే ఎదిగిన పిల్లలు అందరి ముందూ తమ విశ్వాసం ఒప్పుకునే రోజు.

జూన్ 4 దగ్గర కొంచెం జాగ్రత్త. 1920లో ఆ రోజున ట్రియనాన్ ఒప్పందంతో హంగేరీ మూడింట రెండు వంతుల భూమి పోగొట్టుకుంది, ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ మాట, ఇప్పటి హంగేరీ రాజకీయాలు, రెండూ ఎత్తకండి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆంధ్రా తెలంగాణ మాట ఎత్తితే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

జూన్ మొదటి శనివారం న్యూ బ్రన్స్‌విక్‌లో హంగేరియన్ ఉత్సవం, 1976 నుంచి జరుగుతోంది. లాంగోష్ వరస పొడుగ్గా ఉంటుంది, పెద్ద పూరీలాంటిది, పైన వెల్లుల్లి, పుల్లటి మీగడ, చీజ్. ఆ పొడుగు చూసి భయపడకుండా నిలబడండి. నేను మాత్రం వేసవిలో మా చర్చి పిక్నిక్‌కి వంట వైపు ఉంటాను, అక్కడే నా పరువు ఒకసారి పోయింది. గులాష్ అంటే వీళ్ళలో చారులాంటి సూప్, పెద్ద ఇనప కళాయిలో బయట కట్టెల మీద కాస్తారు. అందులోకి కావలసిన గింజ పేరు ఎవరో ఇంగ్లీషులో తప్పు చెప్పారు, జీలకర్ర అని. అసలు వెయ్యాల్సింది క్యారవే, చూడటానికి జీలకర్రకి కవల. నేను సంబరంగా మా డబ్బా తెచ్చి గుప్పెడు వేసేశాను. కళాయి మొత్తం మన చారు వాసన. ఎవరూ ఒక్క మాట అనలేదు, అందరూ తలవంచుకుని తిన్నారు, ఒక బాచి రెండోసారి కూడా పోయించుకున్నాడు. ఇప్పుడు నేను కళాయి దగ్గరికి వస్తే చాలు, ఎవరో ఒకరు మసాలా డబ్బా వెనక్కి దాస్తారు.

ఎండలు, అంత్యక్రియలు, కొత్త రొట్టె

జూలైలో పెద్దగా ఏమీ ఉండదు. పిల్లల్ని న్యూయార్క్ రాష్ట్రంలోని ఫిల్మోర్‌లో హంగేరియన్ స్కౌట్ల శిబిరానికి పంపుతారు, పైన ఏసీ లేదు, ప్రసంగాలు పొట్టిగా ఉంటాయి. కానీ ఎందుకోగానీ మాకు చావు కబుర్లు వేసవిలోనే ఎక్కువ. పనిరోజైనా, వీలుంటే వెళ్ళండి. నల్ల అంగీలో పాస్టరుగారు, తర్వాత 90వ కీర్తన పాట. నాకు మాటలు సగమే అర్థమయ్యాయి, కానీ మొదటిసారి విన్నప్పుడే "ప్రభువా, తరతరములనుండి మాకు నివాసస్థలము నీవే" అని మా నాన్న గొంతు వినబడింది, మా ఇంట్లో చావుకీ చదివేది అదే. తర్వాత కింద భోజనం ఉంటుంది. పోయినావిడ చేసిన చిగ ఇంకా ఫ్రీజర్‌లో ఉంటే ఆ రోజు సూప్‌లోకి దాన్నే తీస్తారు. ఎవరూ ఏమీ ప్రకటించరు, గిన్నె ముందుకి వచ్చాక గీతలు చూసి తెలుసుకుంటారు, ఎవరి చెయ్యి ఎలా చుడుతుందో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి తెలుసు.

ఆగస్టు 20 హంగేరీ మొదటి రాజు ఇష్త్వాన్ రోజు, అక్కడ అప్పటికి గోధుమ కోతలు అయిపోయి కొత్త పిండి వచ్చేస్తుంది. రిఫార్మ్డ్ చర్చిలో నెలాఖరు ఆదివారం కొత్త రొట్టెతో ప్రభురాత్రి భోజనం ఇస్తారు, బల్ల మీద మూడు రంగుల రిబ్బను కట్టిన పెద్ద రొట్టె. జనం వరసగా వెళ్ళి బల్ల చుట్టూ నిలబడి తీసుకుంటారు, మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు తర్వాత, ఇది మారుద్దామనే చర్చ కూడా వాయిదాల్లోనే ఉంది.

అయ్యాక కిందికి దిగండి. వంటగది తలుపు పక్కన సెప్టెంబరు డాన్సుకి ఎవరెవరు ఏ పని అని కాగితం అంటించి ఉంటుంది, పక్కన దారంతో కట్టిన పెన్ను. ఎవరూ పిలవరు, మీరే రాయాలి. ఉల్లిపాయలు తరగడం రాసుకోండి, అక్కడ ఎప్పుడూ చోటుంటుంది. ఇంటిపేరు ముందు, మీ పేరు తర్వాత రాయండి. హంగేరియన్లూ అలాగే రాస్తారు. ఈ దేశంలో ఏ ఫారం నింపినా మన పేరు తల్లకిందులవుతుంది, ఆ కాగితం మీద అవదు.